వైరు తెగితే తెలియాలి

రాత్రి రెండు దాటాక వచ్చే ఫోన్లలో మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "సార్, సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అవుతోంది."

ఆ రోజూ అదే మాట. నిద్రమత్తులోనే అడిగాను, ఎప్పుడు హ్యాంగ్ అవుతోందని. "పెద్ద బ్లోయర్ స్టార్ట్ చేసినప్పుడల్లా చివరి రెండు టెంపరేచర్లు పోతున్నాయి సార్. బ్లోయర్ ఆపితే మళ్లీ వస్తున్నాయి." దాంతో మత్తు వదిలింది. బ్లోయర్ తిరుగుతోందో లేదో సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుసు? వైర్లకు తెలుస్తుంది. వాటికి అన్నీ తెలుస్తాయి. పక్క ట్రేలో మోటర్ స్పీడ్ మార్చే వీఎఫ్‌డీ కేబుల్ పోతోందని తెలుసు, బాక్స్‌లోకి దిగే చోట కేబుల్‌ని పట్టి ఉంచే గ్లాండ్ సరిగ్గా బిగించలేదని తెలుసు, గోల నుంచి కాపాడే లోహపు తొడుగు, అదే షీల్డ్, ఎక్కడో కోసి వదిలేశారని కూడా తెలుసు. మనకి చెప్పే తీరే అర్థం కాదు.

నా పని ఇన్‌స్ట్రుమెంటేషన్. సెన్సర్ కొనడం, బిగించడం, అది చెప్పే నంబర్‌ని మెషీన్లని నడిపే కంప్యూటర్, అంటే పీఎల్‌సీ దాకా తీసుకురావడం. చాలామంది సెన్సర్ ఎంచుకోవడానికి నెల రోజులు తీసుకుంటారు. డేటాషీట్లు పక్కపక్కన పెట్టి చూస్తారు, పాయింట్ ఒకటి శాతం ఖచ్చితత్వమా, పాయింట్ రెండా అని వాదించుకుంటారు. ఆ సెన్సర్ నుంచి వచ్చే కేబుల్‌ని మాత్రం చివరి రోజు స్టోర్‌లో ఏది మిగిలి ఉంటే అది లాగేస్తారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను కాబట్టి ఇది ఎవరినో తిట్టడం కాదు.

ఆ లైన్ సంగతి చెప్తాను. ఆర్ఎస్-485 అనే వైరింగ్ పద్ధతి మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే భాష. స్పీడ్ సెకనుకి 9600 బిట్లు. పీఎల్‌సీ కార్డ్ ఒక చివర, ప్రశ్నలు అడిగే మాస్టర్ అదే. అక్కడి నుంచి సుమారు 280 మీటర్ల కేబుల్ మీద అయిదు ట్రాన్స్‌మిటర్లు, సెన్సర్ కొలతని జవాబుగా పంపే స్లేవ్‌లు. ఇందులో కొత్తదనమేమీ లేదు. మోడ్‌బస్ పుట్టింది 1979లో, ఆర్ఎస్-485 ప్రమాణం వచ్చింది 1983లో. ఈ రెండూ కలిసి ఇన్నేళ్లుగా ఫ్యాక్టరీలను మోస్తున్నాయి. అలాంటి లైన్ పని చేయలేదంటే తప్పు దానిది కాదు, మనదే.

పొద్దున్నే వెళ్లి, మాస్టర్‌ని ఆపించి, లైన్ ఖాళీగా ఉండగా ఏ, బీ వైర్ల మధ్య మీటర్ పెట్టాను. 80 మిల్లీ ఓల్ట్‌లు చూపించింది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కథంతా ఈ అంకెలోనే ఉంది.

ఆర్ఎస్-485లో ఎవరూ మాట్లాడనప్పుడు లైన్‌ని ఎవరూ పట్టుకుని ఉండరు, అది గాల్లో వేలాడుతుంది. రిసీవర్‌కేమో రెండు వైర్ల మధ్య తేడా ప్లస్ 200 మిల్లీ ఓల్ట్‌లు దాటితే ఒక విలువ, మైనస్ 200 దాటితే ఇంకో విలువ. మధ్యలో ఉంటే ఎటైనా చదువుకోవచ్చు, ప్రమాణం ప్రకారం దానికి ఆ స్వేచ్ఛ ఉంది. కొత్త చిప్‌లలో ఈ హద్దుని కొంచెం జరిపి, సున్నా దగ్గర కూడా సరిగ్గా చదివేలా చేస్తున్నారు కానీ ఫీల్డ్‌లో పాత చిప్‌లు బోలెడు. అందుకే మాస్టర్ దగ్గర బయాస్ రెసిస్టర్లు పెడతారు. ఒకటి 5 ఓల్ట్‌ల వైపు లాగుతుంది, ఒకటి గ్రౌండ్ వైపు లాగుతుంది. మా కార్డ్‌లో 680 ఓమ్‌లవి రెండు. సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా లైన్ రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్ రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటే, రెండూ సమాంతరంగా 60. అప్పుడు ఖాళీ లైన్ మీద నిలబడేది 5 ఓల్ట్‌లలో 1420కి 60 వంతులు (రెండు 680లూ ఆ 60 కలిపితే 1420), అంటే 210 మిల్లీ ఓల్ట్‌లు. బొటాబొటీగా గట్టెక్కుతుంది.

మరి 80 ఎలా వచ్చింది? మూతలు తీస్తే తెలిసింది. అయిదు ట్రాన్స్‌మిటర్లలోనూ టెర్మినేటర్ స్విచ్ ఆన్‌లో ఉంది. కార్డ్‌లోనూ ఆన్. మొత్తం ఆరు. ఆరు 120లు సమాంతరంగా అంటే 20 ఓమ్‌లు, కేబుల్ నిరోధం కలుపుకుంటే ఇంకో రెండు మూడు. ఆ పాపం బయాస్ రెసిస్టర్లు ఎంత లాగినా లైన్ లేవలేదు. బ్లోయర్ వీఎఫ్‌డీ మొదలవగానే వచ్చే చిన్న గోలకే ఖాళీ లైన్ అటూ ఇటూ ఊగి, రిసీవర్ దాన్ని స్టార్ట్ బిట్ అనుకుని చెత్త చదవడం మొదలుపెడుతుంది. ఆ చెత్త అసలు మెసేజ్ ముందు అతుక్కుంటే మెసేజ్‌ని సరిచూసే అంకె, అంటే సీఆర్‌సీ తప్పుతుంది, స్లేవ్ నోరు మూసుకుని కూర్చుంటుంది. మోడ్‌బస్ స్లేవ్ మర్యాదస్తురాలు, అర్థం కాకపోతే ఏమీ అనదు.

"ఎవరయ్యా ఇవన్నీ ఆన్ చేసింది?" అని అడిగాను, కాస్త గట్టిగానే. అక్కడి సీనియర్ ఎలక్ట్రీషియన్ నా ముఖం కేసి చూసి నెమ్మదిగా అన్నాడు. "మీరే కదా సార్ చెప్పారు. పోయినేడు ఫోన్‌లో. టెర్మినేటర్ ఆన్ చేయండి, అదే సరిపోతుంది అన్నారు."

అన్నాను. నిజమే. ఏ డివైస్‌లో అని చెప్పలేదు.

నాలుగు స్విచ్‌లు ఆఫ్ చేసి, మొదటిదీ చివరిదీ ఉంచాను. మీటర్ 220 దాటింది. బ్లోయర్ స్టార్ట్ చేయించాను. టెంపరేచర్లు నిలబడ్డాయి. అందరూ చేతులు దులుపుకున్నారు. గంట తర్వాత మళ్లీ ఒకటి పోయింది.

రెండో జబ్బు దొరకడానికి సాయంత్రం అయింది. మధ్యలో ఒక జంక్షన్ బాక్స్ ఉంది, గోడకి తల ఎత్తు పైన, పైప్ వెనక. నిచ్చెన వేసి మూత తీశాను. కేబుల్ పై నుంచి బాక్స్‌లోకి దిగింది. పైన గ్లాండ్, దాని రబ్బరు ఎండిపోయి పగిలింది. కేబుల్ వెంట జారిన నీళ్లు నేరుగా బాక్స్‌లోకే. అడుగున గోరంత మందం తుప్పు నీరు, టెర్మినల్స్ మీద ఆకుపచ్చ పూత. లోపలికి వచ్చే కేబుల్‌కీ బయటికి పోయే కేబుల్‌కీ షీల్డ్‌కి తగులుతూ నడిచే డ్రెయిన్ వైర్‌ని తొడుగు అంచు దగ్గర శుభ్రంగా కోసేసి, పైన ఇన్సులేషన్ టేప్ చుట్టారు. పని చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. షీల్డ్ మాత్రం అక్కడితో చచ్చిపోయింది. అవతలి వైపు 150 మీటర్ల షీల్డ్ ఏ ఎర్త్‌కీ తగలకుండా, చక్కటి యాంటెన్నాలా పడి ఉంది.

అదొక్కటే కాదు, ఆ కేబుల్‌లో ఉన్నది ఒక జతే. ఏ, బీ మాత్రమే, డివైస్‌ల గ్రౌండ్‌లని కలిపే కామన్ వైర్ లేదు. ఆర్ఎస్-485ని అందరూ రెండు వైర్ల బస్ (అన్ని డివైస్‌లూ పంచుకునే లైన్) అంటారు. నా లెక్కలో అది మూడు వైర్ల బస్. రెండు వైర్ల మధ్య తేడానే చదువుతుంది కదా, మూడోది దేనికి అంటారు. తేడాని చదవాలన్నా ఆ రెండూ రిసీవర్ సొంత గ్రౌండ్‌కి మైనస్ 7 నుంచి ప్లస్ 12 ఓల్ట్‌ల లోపు ఉండాలి. రెండు షెడ్ల ఎర్త్‌ల మధ్య పెద్ద మోటర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఎంత తేడా వస్తుందో ఎవరు చూడొచ్చారు? మూడో వైర్ ఉంటే ఆ తేడాకి హద్దు ఉంటుంది. అది కూడా చాలదనిపిస్తే రెండు వైపుల గ్రౌండ్‌లనీ విడదీసి సిగ్నల్‌ని మాత్రం దాటించే ఐసొలేటెడ్ రిపీటర్. మేము చివరికి రెండు జతల కేబుల్ లాగి, రెండో జతని కామన్‌కి వాడి, షెడ్ దాటే చోట ఐసొలేటర్ పెట్టాం. ఆ తర్వాత ఆ లైన్ నుంచి రాత్రి ఫోన్ రాలేదు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఏ బస్ మంచిది అని నన్నడిగే వాళ్లందరూ స్పీడ్ గురించే అడుగుతారు. నేను అడిగేది ఒక్కటే, అది చెడిపోతే ఎలా చెడిపోతుంది? చెడిపోయినట్టు తనే చెప్తుందా, లేక అబద్ధం చెప్తుందా?

ఈ ప్రశ్న నాకు నేర్పింది ఒక నీళ్ల ట్యాంక్. ఉద్యోగంలో చేరిన కొత్తలో లెవెల్ సెన్సర్‌ని 0-10 ఓల్ట్‌ల అవుట్‌పుట్‌తో పెట్టాను. సింపుల్‌గా ఉంది, పీఎల్‌సీ కార్డ్ కూడా రెడీగా ఉంది. కొన్నాళ్లకు ఎవరో నిచ్చెన జరుపుతుంటే కేబుల్ ఊడింది. సున్నా ఓల్ట్‌లు. పీఎల్‌సీకి సున్నా అంటే ట్యాంక్ ఖాళీ. పాపం అది తన పని తాను చేసింది, పంప్ ఆన్ చేసింది. ట్యాంక్ నిండి, పొంగి, నేల మీద పారి, ఎవరి బూట్లలోకో నీళ్లు వెళ్లేదాకా స్క్రీన్ మీద లెవెల్ సున్నానే.

కొలతని ఓల్ట్‌లుగా కాక కరెంట్‌గా పంపే 4-20 మిల్లీ ఆంప్స్ పద్ధతిలో ఆ నాలుగు ఊరికే లేదు. ఖాళీ ట్యాంక్ అంటే 4. తెగిన వైర్ అంటే 0. ఖాళీకీ తెగడానికీ మధ్య ఖాళీ స్థలం ఉంచారు. నామూర్ ఎన్‌ఈ 43 అనే సిఫార్సు ఇంకాస్త ముందుకెళ్లి గీతలు గీసింది. 3.8 నుంచి 20.5 దాకా కొలత, 3.6 కంటే కిందికి పోయినా 21కి పైకి పోయినా ట్రాన్స్‌మిటర్ తనకి బాగాలేదని చెప్తున్నట్టు. పీఎల్‌సీలో ఈ రెండు గీతలకీ అలారం రాయడానికి పది నిమిషాలు పట్టదు. ఎన్ని చోట్ల రాయకుండా వదిలేశారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 3.2 మిల్లీ ఆంప్స్‌ని "మైనస్ 5 శాతం" అని చూపిస్తూ ఏళ్ల తరబడి నడిచే స్క్రీన్లు చూశాను.

కరెంట్ లూప్‌లో నాకు నచ్చే ఇంకో గుణం, దారిలో నిరోధం కొంచెం పెరిగినా కొలత మారదు. ట్రాన్స్‌మిటర్ అంత కరెంట్‌ని తోసేస్తుంది. కానీ దాని ఓపికకీ ఒక హద్దు ఉంది. ఒకసారి ఒక ట్యాంక్ 81 శాతం దగ్గర ఆగిపోయేది. ఎంత నింపినా 81. కింద మాత్రం అన్నీ సరిగ్గా చూపించేది. ట్రాన్స్‌మిటర్ మార్చారు, అదే 81. కాగితం మీద లెక్క వేస్తే తేలిపోయింది. 24 ఓల్ట్‌ల సప్లై. ట్రాన్స్‌మిటర్‌కి కనీసం 12 కావాలి. మిగిలిన 12 ఓల్ట్‌లలోనే మిగతావన్నీ సర్దుకోవాలి. 81 శాతం అంటే సుమారు 17 మిల్లీ ఆంప్స్. 12ని 0.017తో భాగిస్తే 706 ఓమ్‌లు. అందులో పీఎల్‌సీ దగ్గరి రెసిస్టర్ 250. అంటే ఇంకో 450 ఓమ్‌లు దారిలో ఎక్కడో కూర్చున్నాయి. కేబుల్ అయితే కాదు. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి తీగ కిలోమీటర్‌కి 18 ఓమ్‌లే. మిగిలింది జాయింట్. వెతికితే ఒక టెర్మినల్ పచ్చగా తుప్పు పట్టి, స్క్రూ వేలితో తిరుగుతోంది. కొత్త ట్రాన్స్‌మిటర్ డబ్బు దండగ.

నీళ్లు చేరిన బాక్స్ దీనికి తిరగబడ్డ కేసు. అక్కడ కరెంట్ ఒక టెర్మినల్ నుంచి పక్క టెర్మినల్‌కి తడి మీదుగా లీక్ అవుతుంది. ట్రాన్స్‌మిటర్ పంపినదానికి ఇది కలిసి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. వాన పడితే పెరిగి, ఎండకి తగ్గే లెవెల్ కనిపిస్తే ట్యాంక్ దగ్గరికి కాదు, బాక్స్ దగ్గరికి వెళ్లండి.

సరే, మరి ఎంచుకోవడం ఎలా? నేను ఒక పాయింట్‌కి వైరింగ్ నిర్ణయించే ముందు చూసేవి మూడు. ఆ కొలత మీద ఏం ఆధారపడి ఉంది, ఎంత దూరం, చెడిపోతే రాత్రి మూత తీసేది ఎవరు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు కానీ నాకు అదే ముఖ్యం. మల్టీమీటర్ ఒక్కటే చేతిలో ఉన్న మనిషి 4-20 లూప్‌లో తప్పు పట్టగలడు. అదే పాయింట్‌ని ల్యాప్‌టాప్, లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్, స్పెషల్ కేబుల్ ఉంటే తప్ప తెరుచుకోని బస్ మీద పెడితే, ఆ ల్యాప్‌టాప్ ఎవరి దగ్గర ఉందో వాడికే ఫోన్ వస్తుంది. ఆ వాడిని నేనే కాబట్టి ఈ విషయంలో నాకు స్వార్థం ఉంది.

మెషీన్‌ని ఆపే, ట్రిప్ చేసే కొలత ఏదైనా నా దగ్గర సొంత జత మీద 4-20 లోనే వస్తుంది. దాన్ని పదిమందితో పంచుకునే బస్ మీద పెట్టను. సేఫ్టీ కోసమే తయారుచేసి సర్టిఫై చేసిన బస్‌లు ఉన్నాయి, వాటి సంగతి వేరు. మామూలు మోడ్‌బస్ ఆ పనికి కాదు. ట్రాన్స్‌మిటర్‌తో ఇంకాస్త మాట్లాడాలంటే అదే జత మీద నడిచే హార్ట్ (HART) అనే పద్ధతి ఉంది. కరెంట్ మీద 1200, 2200 హెర్ట్జ్‌ల సన్నటి ఈలలు వేసి సెకనుకి 1200 బిట్లు పంపుతుంది. నత్తనడక. కానీ రేంజ్ మార్చడానికో, సెన్సర్ తనలో తాను గొణుక్కునేది వినడానికో అది చాలు. లూప్‌లో కనీసం 230 ఓమ్‌లైనా లేకపోతే ఆ ఈలలు వినబడవని మాత్రం గుర్తుంచుకోండి.

ఊరికే చూసి రాసుకునే కొలతలు, ఎనర్జీ మీటర్లు, గది టెంపరేచర్లు, ఇలాంటివి ఎన్ని ఉన్నా మోడ్‌బస్ మీద పెట్టొచ్చు. ఇక్కడ కొత్తవాళ్లు స్పీడ్ పెంచడానికి ఆరాటపడతారు. లెక్క చూడండి. రెండు రిజిస్టర్లు (డివైస్ తన విలువలు దాచుకునే గడులు) చదవాలంటే అడిగేది 8 బైట్లు, జవాబు 9. ఒక్కో బైట్‌కి 11 బిట్లు. 9600 దగ్గర మొత్తం 20 మిల్లీ సెకండ్ల లోపే. మధ్యలో విరామాలు, స్లేవ్ ఆలోచించుకునే టైమ్ కలిపినా 50 అనుకోండి. ఇరవై డివైస్‌లు ఒక సెకనులో అయిపోతాయి. నిమిషానికి ఒక డిగ్రీ కూడా మారని టెంపరేచర్‌కి అంతకంటే ఏం కావాలి? అసలు ఆలస్యం స్పీడ్ వల్ల రాదు, చచ్చిన స్లేవ్ వల్ల వస్తుంది. టైమ్‌ఔట్ ఒక సెకను, రీట్రైలు మూడు అని పెట్టి వదిలేస్తే, ఒక్క డివైస్ పవర్ పోతే చాలు, ప్రతి రౌండ్‌లో నాలుగు సెకండ్లు దాని కోసం ఎదురుచూడటమే. మిగతా పంతొమ్మిది మందీ లైన్‌లో నిలబడి ఉంటారు. టైమ్‌ఔట్ తగ్గించండి, పలకని డివైస్‌ని కాసేపు పక్కన పెట్టి అప్పుడప్పుడు పలకరించేలా రాయండి.

నెమ్మదిగా నడిపితే ఇంకో లాభం ఉంది. 9600 దగ్గర ఒక బిట్ 104 మైక్రో సెకండ్లు ఉంటుంది. సిగ్నల్ మీటర్‌కి సుమారు 5 నానో సెకండ్లలో పోతుంది. 280 మీటర్లు పోయి తిరిగి రావడానికి 3 మైక్రో సెకండ్లు కూడా పట్టదు. ప్రతిధ్వనులు బిట్ మధ్యలో చదివేసరికి ఎప్పుడో చల్లారిపోతాయి. అందుకే ఇంత తక్కువ స్పీడ్‌లో టెర్మినేటర్ లేక చచ్చిన లైన్లు నేను పెద్దగా చూడలేదు. అవసరానికి మించి టెర్మినేటర్లు పెట్టి చంపిన లైన్ మాత్రం ఒకటి నా సొంత ఖాతాలోనే ఉంది. స్పీడ్ పెంచితే ఆ వెసులుబాటు పోతుంది. 1200 మీటర్ల దాకా లాగొచ్చు అని పుస్తకాల్లో ఉండేది 100 కిలోబిట్ల లోపు మాట. ఒక డివైస్ తర్వాత ఒకటిగా గొలుసులా పోవాలి, చెట్టు కొమ్మల్లా చీలకూడదు అనేది ఎక్కడైనా పాటించండి, మీకే మంచిది. అన్నట్టు ఏ, బీ పేర్లను నమ్మొద్దు. ఒక కంపెనీ ఏ అన్నది ఇంకో కంపెనీకి బీ. పలకకపోతే ముందు రెండూ తారుమారు చేసి చూడండి, ఏమీ కాలిపోదు.

క్యాన్ అనే ఇంకో రెండు వైర్ల బస్ నాకు మెషీన్ లోపల ఇష్టం. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా ముఖ్యమైన మెసేజ్ నష్టపోకుండా ముందుకెళ్తుంది. అతిగా తప్పులు చేసే నోడ్ తన లెక్క తానే చూసుకుని బస్ నుంచి తప్పుకుంటుంది. ఇంత మర్యాద మనుషుల్లో కూడా లేదు. పవర్ ఆపి రెండు వైర్ల మధ్య 60 ఓమ్‌లు వచ్చిందంటే రెండు టెర్మినేటర్లూ ఉన్నట్టు, 120 వస్తే ఒకటి పోయినట్టు, 40 వస్తే ఎవరో తెలివైనవాడు మూడోది పెట్టినట్టు. ఒక మెగాబిట్ స్పీడ్‌కి 40 మీటర్లే, 125 కిలోబిట్లకి దిగితే 500 మీటర్ల దాకా పోతుంది. సెన్సర్‌ని నేరుగా మాస్టర్‌కి కలిపే ఐఓ-లింక్ 20 మీటర్లు, ఒక సెన్సర్‌కి ఒక కేబుల్, షీల్డ్ అక్కర్లేదు. సెన్సర్ పోతే అదే మోడల్ కొత్తది తగిలిస్తే మాస్టర్ దాచుకున్న సెట్టింగ్స్ దానికి ఎక్కించేస్తుంది. రాత్రి షిఫ్ట్ మనిషికి ఇంతకంటే వరం లేదు. ఈథర్‌నెట్ రాగి మీద 100 మీటర్లు. వణికే మెషీన్ మీద ఆఫీస్ ప్లగ్ పెట్టకండి, దాని ప్లాస్టిక్ నాలుక విరిగిపోతుంది. మరలా తిప్పి బిగించే ఎం12 కనెక్టర్ పెట్టండి. ఒకే జత మీద కిలోమీటర్ దాకా పోయే 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కి 2019లో ప్రమాణం వచ్చింది. అది ఫీల్డ్‌లోకి వచ్చేకొద్దీ నేను పైన రాసిందాంట్లో సగం పాతబడొచ్చు. తుప్పు పట్టిన టెర్మినల్ మాత్రం పాతబడదు.

ఐ2సీ గురించి ఒక్క మాట. చిన్న ప్రాజెక్టులు చేసినవాళ్లు ఆ సెన్సర్ బాగుంది, నాలుగు వైర్లే కదా, పది మీటర్లు లాగేద్దాం అంటారు. అది ఒకే బోర్డ్ మీద చిప్‌ల మధ్య మాటల కోసం పుట్టింది. బస్ మొత్తానికి 400 పికో ఫారడ్‌ల కెపాసిటెన్స్ దాటకూడదు, కేబుల్ నాలుగైదు మీటర్లు పోతేనే అది అయిపోతుంది. టేబుల్ మీద పని చేసింది కదా అంటే, టేబుల్ మీద వీఎఫ్‌డీ లేదు కదా అంటాను.

టెంపరేచర్ సెన్సర్లకి వైర్ కూడా కొలతలో భాగమే. పీటీ100 అనే ప్లాటినం సెన్సర్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, ఆ తర్వాత డిగ్రీకి 0.385. రెండు వైర్లతో 60 మీటర్లు లాగితే పోనూ రానూ 120 మీటర్లు, ఒక చదరపు మిల్లీమీటర్ తీగలో 2.2 ఓమ్‌లు. అయిదున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తీసేస్తే సరిపోతుందన్నాడు ఒకతను. ఎండకి కేబుల్ ట్రే 30 డిగ్రీలు వేడెక్కితే ఆ 2.2 కూడా పన్నెండు శాతం దాకా పెరుగుతుంది, ఇంకో అర డిగ్రీ పైనే తేడా. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. మూడు వైర్లు వాడండి, ఖచ్చితత్వం కావాలంటే నాలుగు. లేదంటే సెన్సర్ తల మీదే ట్రాన్స్‌మిటర్ పెట్టి అక్కడే 4-20 చేసేయండి, నేనైతే అదే చేస్తాను. రెండు వేర్వేరు లోహపు తీగల జోడుతో వేడిని కొలిచే థర్మోకపుల్‌కి దాని జాతి కేబులే వాడాలి. రంగుల దగ్గర జాగ్రత్త. అమెరికన్ పద్ధతిలో ఎరుపు అంటే నెగటివ్. ఎరుపు చూడగానే పాజిటివ్‌కి కలిపే చెయ్యి మనది. అలా తిప్పి కలిపితే కొలిమి వేడెక్కేకొద్దీ స్క్రీన్ చల్లబడుతుంది.

ఇక చేతిపని. ఇంత లెక్క వేసి చివర్లో ఓడిపోయేది ఇక్కడే. తీగ చివర సోల్డర్ పూసి స్క్రూ టెర్మినల్‌లో బిగించే అలవాటు ఒకటుంది. చూడటానికి నీట్‌గా ఉంటుంది. సోల్డర్ మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి నెలల మీద నెమ్మదిగా పక్కకి జారుతుంది. బిగించినప్పుడు గట్టిగా ఉన్న స్క్రూ ఏడాదికి వదులు. తీగ చివరకి పిన్ లగ్ అనే లోహపు తొడుగు తొడిగి, సరైన టూల్‌తో నొక్కి క్రింప్ చేయండి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కినది క్రింప్ కాదు. వణికే చోట స్ప్రింగ్ టెర్మినల్ పెట్టండి. క్రింప్ చేశాక ఒక్కో తీగనీ పట్టుకుని లాగి చూడండి. నేను ప్యానెల్ తీసుకునేటప్పుడు మొదట చేసే టెస్ట్ అదే. వైరింగ్ చేసినవాళ్లకి కోపం వస్తుంది. పదిలో ఒకటి చేతికి వచ్చిన రోజులు ఉన్నాయి.

జత మెలిక టెర్మినల్ దాకా అలాగే ఉండాలి, అందంగా ఉంటుందని అరడుగు విప్పి పక్కపక్కన పరచొద్దు. సిగ్నల్ ట్రేకీ పవర్ ట్రేకీ మధ్య జానెడుకి తక్కువ కాకుండా ఎడం, వీఎఫ్‌డీ మోటర్ కేబుల్ అయితే అంతకు రెట్టింపు. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబంగా దాటండి. షీల్డ్ ఒక చివర ఎర్త్ చేయాలా, రెండు చివర్లా అన్న వాదన నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వింటున్నాను. నెమ్మదైన అనలాగ్ సిగ్నల్‌కి ప్యానెల్ వైపు ఒక చివరే చేస్తాను. రెండు చివర్లా చేస్తే ఎర్త్‌ల తేడాకి షీల్డ్‌లోనే కరెంట్ పారి హమ్ కలుస్తుంది. వీఎఫ్‌డీ గోల లాంటి హై ఫ్రీక్వెన్సీకి మాత్రం రెండు చివర్లా చేస్తేనే పని, అదీ తోకలా మెలిపెట్టి కాదు, చుట్టూ పట్టే క్లాంప్‌తో. ఈ రెండో పద్ధతికి రెండు చివరల ఎర్త్ బాగా కలిసి ఉండాలి. ఏదైనా సరే, మధ్యలో ఉన్న బాక్సుల్లో షీల్డ్ తెగకుండా ముందుకు పోవాలి. దీని మీద మాత్రం నాకు ఎవరితోనూ వాదన లేదు. ఆ టేప్ చుట్టిన ముచ్చటైన పని ఇప్పటికీ కళ్లలో ఉంది.

కేబుల్ బాక్స్‌లోకి కింది నుంచే వెళ్లాలి, వెళ్లే ముందు ఒక వంపు తిరిగి. నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. రెండు జతలు కావాలంటే నాలుగు జతల కేబుల్ లాగండి. మళ్లీ ట్రే ఎక్కడం ఎంత పనో ఎక్కినవాడికే తెలుసు.

ఆ 280 మీటర్ల లైన్ దగ్గర చివర్లో ఇంకో పని చేశాం. అంతా బాగున్న రోజున కొలతలు తీసి, ఒక కాగితం మీద రాసి, ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించాం. పవర్ ఆపి ఏ, బీ మధ్య 63 ఓమ్‌లు. ఖాళీ లైన్ మీద 220 మిల్లీ ఓల్ట్‌లు. కామన్ నుంచి రెండింటికీ ఎన్నెన్ని ఓల్ట్‌లు. టెర్మినేటర్ ఏ రెండు డివైస్‌లలో ఆన్‌లో ఉండాలో, వాటి పేర్లు పెద్ద అక్షరాలతో. ఫోన్‌లో నేను ఏం చెప్పినా ఆ కాగితాన్నే నమ్మండి అని కూడా రాయిద్దామన్నాడు ఆ సీనియర్. రాయించాం.

ఏడు నెలల తర్వాత రాత్రి ఫోన్ వచ్చింది, పక్క లైన్ నుంచి. దానికీ అప్పటికి ఇలాంటి కాగితం అతికించేశాం. "సార్, మూడో టెంపరేచర్ ఒక్కటే లేదు. ఓమ్‌లు 64 ఉన్నాయి, తలుపు మీద 63 రాసుంది. మిల్లీ ఓల్ట్‌లు సరిపోయాయి. లైన్ బాగుంది సార్, ట్రాన్స్‌మిటర్‌కి సప్లై చూస్తున్నా." ఫ్యూజ్ పోయిందట. మార్చుకున్నాక మెసేజ్ పెట్టాడు, అది నేను పొద్దున చూశాను.